ఛాతీ నొప్పి వేళ సూరత్‌లో మనవాళ్లిచ్చే తప్పుడు సలహాలు

లింబాయత్, ఉధ్నా, పర్వత్ పాటియా వైపు కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా సాంచాలు (మరమగ్గాలు) నడుపుతున్నాయి. పన్నెండు గంటల షిఫ్టులో ఒక మనిషి ఛాతీ పట్టుకుని కూలబడితే, చుట్టూ ఉన్నవాళ్లు ప్రేమతోనే తలో సలహా చెబుతారు. ఆ సలహాల్లో చాలావాటి వల్ల ప్రాణాలు పోతున్నాయి.

గుండెపోటంటే గుండె కండరానికి రక్తమిచ్చే నాళంలో గడ్డ అడ్డుపడటం. సుమారు అరగంటకే కండరం చావడం మొదలై, గంటగంటకూ లోపలి పొర నుంచి పై పొరకు పాకుతుంది. చచ్చిన కండరం మళ్లీ పెరగదు. కాబట్టి ప్రతి సలహాకూ ఒకే పరీక్ష పెట్టండి: రక్తం తిరిగి పారే గడియను ఇది దగ్గర చేస్తుందా, దూరం చేస్తుందా?

1. "గ్యాస్ పట్టింది, సోడా తాగి పండు."
గ్యాసో గుండెనో చేయి పెట్టి చెప్పగలిగేవాళ్లు లేరు. ఛాతీ మీద బండ పెట్టినట్టు బరువు, చెమటలు, దవడకో భుజానికో పాకే నొప్పి, వాంతి, ఆయాసం ఉంటే ఈసీజీ తీయాల్సిందే. షుగర్ ఉన్నవాళ్లకు, ఆడవాళ్లకు నొప్పి లేకుండా ఆయాసం, నీరసం మాత్రమే ఉండొచ్చు. ఆస్పత్రి చేరిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలన్నది నియమం. మొదటిది బాగున్నా నొప్పి తగ్గకపోతే మళ్లీ తీయమని అడగండి.

2. "గట్టిగా దగ్గుతుండు, చేతికి నూనె రుద్దుతా."
ఫోన్లలో తిరిగే ఈ సందేశాన్ని నమ్మకండి, ఇంకొకరికి పంపకండి. దగ్గితే గడ్డ కరగదు, నూనె గుండె దాకా పోదు. మనిషిని కూర్చోబెట్టండి, నడిపించకండి, మెట్లు దింపకండి.

3. "సార్బిట్రేట్ నాలుక కింద పెట్టు."
ఆ గోలీ నాళాలను వదులు చేస్తుందే తప్ప గడ్డను కరిగించదు. బీపీ పడిపోయి ఉన్నవాళ్లను ఇంకా ముంచుతుంది. డాక్టర్ ముందే రాసిచ్చినవాళ్లే వాడాలి. ఆస్పిరిన్ సంగతి వేరు. 1988లో వెలువడిన ఐసిస్-2 అధ్యయనంలో 17,187 మంది గుండెపోటు రోగులను చూశారు. ఆస్పిరిన్ ఒక్కటే మరణాలను సుమారు 23 శాతం తగ్గించింది, గడ్డ కరిగించే స్ట్రెప్టోకైనేజ్‌తో కలిస్తే 42 శాతం. అలర్జీ గానీ, కడుపులో రక్తస్రావం గానీ లేకపోతే 108 అంబులెన్స్ వాళ్లనో డాక్టర్‌నో అడిగి 300 మిల్లీగ్రాములు నమిలించండి. అయితే ముందు 108కు ఫోన్, తర్వాతే గోలీ.

4. "బండెక్కు, గల్లీ డాక్టర్ దగ్గర సెలైన్ ఎక్కిద్దాం."
దారిలో గుండె లయ తప్పితే బండి మీద చేయగలిగింది ఏమీ ఉండదు. 108 అంబులెన్స్ 2005లో హైదరాబాద్‌లోనే పుట్టింది, 2007లో గుజరాత్‌కు వచ్చింది, పైసా తీసుకోదు. గుండెపోటు రోగులపై 2008లో వచ్చిన క్రియేట్ నివేదిక ప్రకారం మన దేశంలో సగం మందికి నొప్పి మొదలై ఆస్పత్రి చేరేసరికి 360 నిమిషాలో, అంతకు మించో పట్టింది. చేరాక గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు పట్టింది 50 నిమిషాలే. పోయిన కాలంలో ఎక్కువ భాగం ఇంటి దగ్గర, దారిలోనే పోయింది. మనిషి స్పృహ తప్పి ఊపిరి ఆగితే ఛాతీ నడుమ 5 సెంటీమీటర్ల లోతున, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూనే ఉండండి.

5. "ఊరికి పోయి మనోళ్ల దగ్గర చూపిద్దాం."
భాష రాదన్న భయం, డబ్బు భయం నిజమైనవే. కానీ రైల్లోనే ఒక రాత్రి గడిచిపోతుంది. గడ్డ కరిగించే ఇంజెక్షన్ మొదటి 3 గంటల్లో బాగా పనిచేస్తుంది, 12 గంటలు దాటితే సాధారణంగా ఇవ్వరు. 120 నిమిషాల్లోపు, మూసుకున్న నాళాన్ని తెరిచే యాంజియోప్లాస్టీ అందితే అదే మేలు. అందకపోతే ముందు ఇంజెక్షన్ చేసి పెద్దాస్పత్రికి పంపుతారు. న్యూ సివిల్, స్మీమర్ ఆస్పత్రులు మన బస్తీలకు దూరమేమీ కాదు. ఆయుష్మాన్ కార్డు ఏ రాష్ట్రంలో తీసుకున్నా జాబితాలోని ఆస్పత్రుల్లో చెల్లుతుంది.

6. "నొప్పి పోయింది, స్టెంట్ పడ్డది, ఇంక గోలీలెందుకు?"
నొప్పి పోయినంత మాత్రాన నాళం తెరుచుకుందని కాదు. ఇంజెక్షన్ తర్వాత 60 నుంచి 90 నిమిషాలకు ఈసీజీ మళ్లీ తీస్తారు. మొదటి ఈసీజీలో కనిపించిన మార్పు సగమైనా తగ్గకపోతే వెంటనే యాంజియోప్లాస్టీ చేయాలి. తగ్గినా 24 గంటల్లోపు యాంజియోగ్రామ్ మంచిది. స్టెంట్ పడ్డాక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే రెండు గోలీలు మామూలుగా ఏడాది వాడాలి. చేతిలో పైసల్లేవని మధ్యలో ఆపితే స్టెంట్‌లోనే గడ్డ కట్టొచ్చు. బీడీ, గుట్కా మాత్రం అదే రోజు మానాలి.

కార్ఖానా ఆసాములకు, సేఠ్‌లకు ఒక విన్నపం. ప్రతి షెడ్డు గోడ మీదా 108, దాని కింద గుజరాతీలో, హిందీలో ఆ షెడ్డు చిరునామా పెద్దక్షరాలతో రాయించండి. రాత్రివేళ యాంజియోప్లాస్టీ చేసే క్యాథ్‌ల్యాబ్ నడిచే ఆస్పత్రి ఏదో ఇప్పుడే కనుక్కోండి. హిందీ బాగా వచ్చినవాళ్లను ప్రతి షిఫ్టుకూ ఒకరిని 108కు ఫోన్ చేసే పనికి పెట్టండి. సాంచా ఆగితే మళ్లీ నడుస్తుంది, ఆ రోజు కూలీ కోసం మనిషిని ఆపకండి.