పిట్ట కొంచెం, లెన్సు ఘనం

పక్షుల ఫోటోలు తియ్యాలని ముచ్చటపడే కొత్తవాళ్ల కోసం ఈ నాలుగు ముక్కలు. ఏ కాలానికి ఏం చెయ్యాలో వరసగా చెబుతున్నాను. పక్షులు మిగిలి ఉన్నన్నాళ్లూ పనికొస్తాయి.

సరంజామా

బైనాక్యులర్ కొనకండి. అది చూడ్డానికే గాని చూపించుకోవడానికి పనికిరాదు. సలీం అలీ 1941లో వేసిన పక్షుల పుస్తకమూ అక్కర్లేదు, అందులో బొమ్మల కింద మీ పేరుండదు. 150-600 ఎంఎం లెన్సు, ఆకుల మచ్చల చొక్కా, అదే రంగు టోపీ తీసుకోండి. చెట్లలో కలిసిపోయాక ఫోను తీసి, "ఆఁ బావా, చెరువుగట్టు మీదే ఉన్నా, వచ్చెయ్" అని నాలుగూళ్లకు వినబడేలా చెప్పండి. పిట్టలకు కళ్లే తప్ప చెవులుండవు కదా.

చలికాలం

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వలస పక్షుల సీజను. పులికాట్‌లో ఫ్లెమింగోలు, హైదరాబాదు పక్కన అమీన్‌పూర్ చెరువులో బాతులు, ఆటపాక వెళ్తే కొల్లేటి గూడబాతులు. ఫ్లెమింగో తల తిరగేసి నీళ్లలో ముంచి, బురదనీటిని ముక్కుతో వడగట్టుకుని తింటుంది. గంటలకొద్దీ అదే పని. తినే పక్షికి లైకులు ఎవరు కొడతారు? ఎగరాలి. చప్పట్లు కొట్టండి. పడవవాడి చేతిలో ఇంకో వంద పెట్టి గుంపు మధ్యకు పోనివ్వమనండి. బాతులు తిరుగు ప్రయాణానికి ఒంట్లో కొవ్వు కూడబెట్టుకునేది ఈ రోజుల్లోనే. దాన్ని కాస్త మీ ఫ్రేము కోసం ఖర్చు పెట్టిస్తే తప్పేముంది!

గుంటూరు దగ్గర ఉప్పలపాడు మాత్రం వెళ్లకండి. ఊరి చెరువులోనే ఎర్రకాళ్ల కొంగలు పిల్లల్ని పెంచుకుంటున్నా ఊళ్లోవాళ్లు వాటి జోలికి పోరు. ఫోటోగ్రఫీ ఎదగని చోటు.

ఎండాకాలం

మార్చి దాటాక తీతువును వెతకండి. అది గూడంటూ కట్టదు. వట్టి నేల మీద, గులకరాళ్ల మధ్య నాలుగు గుడ్లు పెడుతుంది. ఏది రాయో ఏది గుడ్డో పోల్చుకోలేం. మిట్టమధ్యాహ్నం తల్లో తండ్రో నీళ్ల దగ్గరికి పోయి, పొట్ట ఈకలు తడుపుకొచ్చి గుడ్ల మీద కూర్చుంటుంది. అవి ఉడికిపోకుండా కాపాడేది ఆ తడీ, ఆ నీడా. మీరు పదడుగుల దూరంలో ట్రైపాడ్ వేసుకుని, మీ నెత్తికి మాత్రం గొడుగు పెట్టుకుని కూర్చోండి. పిట్ట అరుస్తూ చుట్టూ తిరుగుతుంది, పోజనుకోండి. మీ తల మీదికి దూకుతుంది, యాక్షన్ షాట్ అనుకోండి. గుడ్ల సంగతి ఎండ చూసుకుంటుంది.

పిట్ట వినబడుతోంది గాని కనబడటం లేదా? ఫోన్లో దాని కూతే పెట్టండి. తన హద్దులోకి ఇంకో మగపిట్ట వచ్చిందనుకుని, గూటిని వదిలేసి కయ్యానికొస్తుంది. శత్రువు దొరకడు. మళ్లీ పెట్టండి.

వానాకాలం

ఇది గిజిగాడి కాలం. మగపిట్ట గడ్డిపోచలు, తాటాకు పీలికలు చీల్చుకొచ్చి సగం గూడు అల్లి, రెక్కలు టపటపలాడిస్తూ ఆడపిట్టను పిలుస్తుంది. ఆమె లోపలికెళ్లి, అల్లిక లాగి చూసి, నచ్చితేనే ఉంటుంది. అప్పుడే కిందికి దిగే గొట్టం కట్టడం. నచ్చకపోతే ఆ సగం గూడు అలాగే వేలాడుతుంది, అతగాడు ఇంకోటి మొదలెడతాడు. ఇంత గట్టి తనిఖీ మన అపార్ట్‌మెంట్లకు లేదు. బావి మీదికి వంగిన ముళ్లకొమ్మకు కడతాడు కాబట్టి మీ చెయ్యి అందదు. నిరాశపడకండి, పొదలో పిగిలిపిట్ట ఉంది. లెన్సుకు అడ్డొచ్చే నాలుగు రెమ్మలు విరిచెయ్యండి. గూడు మీకు చక్కగా కనిపిస్తుంది. మీరు వెళ్లాక కాకికీ అంతే చక్కగా కనిపిస్తుంది.

దసరా

ఆ రోజు పాలపిట్ట కోసం పొలాలెందుకు తిరగడం? పంజరంలో పెట్టి వీధుల్లోకే తెస్తారు. రెక్కలు కట్టేసి ఉంటాయి కాబట్టి ఫోటో కదిలిపోతుందన్న భయం లేదు. పట్టడం నేరమని 1972 నాటి వన్యప్రాణి చట్టం చెబుతుంది, అది తెలంగాణ రాష్ట్ర పక్షి కూడానూ. మీరు పంజరం ఊచలు ఎడిటింగ్‌లో చెరిపేసి "శుభాకాంక్షలు" అని పెట్టండి.

ఏ కాలంలోనైనా

ఊరివాళ్లను ఏమీ అడక్కండి. 1848లో పక్షిశాస్త్రవేత్త జెర్డన్ లోకానికి పరిచయం చేసిన కలివికోడి 1900 తర్వాత ఎవరి రికార్డుల్లోకీ ఎక్కలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986లో కడప జిల్లాలో, పిట్టలు పట్టి బతికే ఓ ఊరి మనిషికి రాత్రిపూట టార్చిలైటు వెలుగులో అది దొరికింది. అతని దగ్గర లెన్సు లేదు, కాబట్టి లెక్కలోకి తీసుకోవద్దు. అలాంటి అరుదైన పిట్ట మీకే కనబడితే వెంటనే జీపీఎస్‌తో సహా ఫేస్‌బుక్‌లో పెట్టండి. ప్రమాదంలో ఉన్న పక్షుల చోట్లను, జనం చూసిన పక్షుల్ని నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటు వాళ్లు దాచిపెడతారు, వాళ్లదంతా చాదస్తం. తెల్లారేసరికి అక్కడ పాతిక లెన్సులు, ఓ రెండు వలలు చేరతాయి.

ఈ సలహాలేవీ రుచించనివాళ్లకు మిగిలింది ఒకటే పద్ధతి. పిట్ట తన పని మానేసి మీ వంక చూసిందంటే, మీరు మరీ దగ్గరికెళ్లారని అర్థం. అక్కణ్ణించే వెనక్కి రండి. గూడు దగ్గరికైతే కెమెరాతో అసలు వెళ్లకండి.