మెదడుకు వయసు కట్టేవాళ్లు

మాస్టర్ హెల్త్ చెకప్‌లో మెదడునీ చేర్చారు, సంతోషం. షుగరు, కొలెస్ట్రాల్ పక్కన ఇకమీదట ‘బ్రెయిన్ ఏజ్’. జంటగా వస్తే డిస్కౌంటట! భార్యాభర్తల్లో ఎవరు ముందు ఎవర్ని మరిచిపోతారో ఒకే కవర్లో పెట్టి ఇస్తారు కాబోలు.

మా బావగారు అలాంటి రిపోర్టు ఒకటి తెచ్చుకున్నారు. ఆయనకు 54, ఆయన మెదడుకు 61. ఈ లెక్కన మెదడు ఆయనకంటే ఏడేళ్లు ముందే పుట్టింది. అప్పటికి మా అత్తగారికి పెళ్లే కాలేదు.

ఈ వయసు కట్టే పద్ధతి తెలిసిందే. వేలమంది ఎంఆర్ఐలు కంప్యూటర్‌కు మేపి, మీ మెదడు ఏ వయసువాళ్ల మెదడులా ఉందో చెప్పమంటారు. నిక్షేపంగా ఉన్నవాళ్ల విషయంలోనే ఆ అంచనా నాలుగైదేళ్లు అటూ ఇటూ అవుతుంది. స్కానర్ మారితే అంకె మారొచ్చు. రిపోర్టులో ఆ ముక్క ఉంది లెండి, చివరి పేజీలో, బావగారి కళ్లజోడుకు అందని అక్షరాల్లో. మొదటి పేజీలో మాత్రం జ్ఞాపకాలను చూసుకునే హిప్పోకాంపస్‌కు ఎర్రరంగు పులిమి, ‘మీ వయసువారిలో 22వ పర్సెంటైల్’ అని వేశారు. వందమందిని వరుసగా నిలబెడితే ఎవరో ఒకరు 22వ చోట ఉండాల్సిందే కదా! పొడుగులో 22వ పర్సెంటైల్ అని ఎవరైనా డాక్టరు దగ్గరికి పరిగెత్తారా?

బావగారు పరిగెత్తారు. ఇప్పుడు స్కూటర్ తాళం కనబడకపోతే వెతకడం మానేసి దీనంగా చూస్తున్నారు. అక్కయ్య పొద్దున్నే పరీక్ష పెడుతోంది: ‘నిన్న ఏం కూర వండానో చెప్పండి!’ పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఏనాడూ గమనించని సంగతి అది.

ఏఐ ఆరేళ్ల ముందే అల్జీమర్స్‌ను పసిగట్టిందని 2018 నాటి అమెరికా పరిశోధనను ఇంకా ఊరేగిస్తున్నారు. అది వేరే స్కాన్, పెట్. విడిగా పరీక్షించి చూసింది 40 మంది మీద.

అల్జీమర్స్ రోగుల మెదడులో పేరుకునే ప్రొటీన్ అమిలాయిడ్. దాన్ని వెతికే పెట్ సంగతి మరీ ఘోరం. జ్ఞాపకశక్తి బాగున్నవాళ్లలోనే 50 ఏళ్లకు 10 శాతం మందికి, 90 ఏళ్లకు 44 శాతం మందికి అమిలాయిడ్ కనిపిస్తుందని 2015లోనే లెక్కతేల్చారు. లక్షణాలేవీ లేనివాళ్లకు ఆసుపత్రుల్లో ఈ పరీక్షలు చేయొద్దని 2024లో ప్రమాణాలు తిరగరాసిన అల్జీమర్స్ అసోసియేషన్ బృందమే చెప్పింది. బయోమార్కర్ ఉంటే జబ్బు ఉన్నట్టే అన్న ఘనులు వాళ్లు! వాళ్లే వద్దంటే వీళ్లెందుకు అమ్ముతున్నారు? ముందే తెలుసుకుని ఏం చేయాలి? అల్జీమర్స్ మందు లెకానెమాబ్ ఇచ్చేది లక్షణాలు మొదలైనవాళ్లకే. దాని ఘనకార్యం 18 పాయింట్ల స్కేలు మీద ఏడాదిన్నరకు 0.45 తేడా. మెదడులో వాపు, రక్తస్రావం ప్రమాదం అదనం.

మరోవైపు, సొంత వీధిలో దారి తప్పిన పెద్దావిడను ఆసుపత్రికి తీసుకెళ్లండి, ‘వయసు కదమ్మా, మామూలే’ అని పంపేస్తారు. బి12 చూడరు, థైరాయిడ్ చూడరు, చెవులు వినిపిస్తున్నాయా అని అడగరు. ఆ స్కాన్ అవసరమైంది ఆవిడకు! ఆవిడను బయట కుర్చీలో కూర్చోబెట్టి, లోపల ఏ జబ్బూ లేనివాడి హిప్పోకాంపస్‌ను మిల్లీలీటర్లలో కొలుస్తారా? సిగ్గుండాలి.

ఇంకో సంగతి. మన హైదరాబాద్ నిమ్స్‌లోనే న్యూరాలజిస్టు సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని 2013లో ప్రకటించింది. పక్కింటాయనతో ఉర్దూలో మాట్లాడండని ఏ ప్యాకేజీలోనైనా రాశారా? రాయరు, దానికి బిల్లు వేయలేరు.

సరే, అమ్ముకోండి. ఒక్క పని చేయండి. ఆ ఎర్రబొమ్మ నెత్తిన, బ్రెయిన్ ఏజ్ అంకె ఎంత లావుందో అంత లావు అక్షరాల్లో ‘మీకు అల్జీమర్స్ వస్తుందో రాదో దీన్నిబట్టి చెప్పలేం’ అని అచ్చువేయండి. అప్పుడు ఎన్ని జంటలు క్యూ కడతాయో చూద్దాం.