కీవర్డు బాబాయి

నూజివీడు చుట్టుపక్కల ఊరికొక కీవర్డు బాబాయి తయారయ్యాడు. వయసు యాభై దాటి ఉంటుంది. ఆరెకరాల మామిడి తోట, అందులో ముప్పాతిక వంతు బంగినపల్లి, గట్టు వెంబడి చిన్న రసాలూ పెద్ద రసాలూ, మూలన ఆవకాయకి నాలుగు చెట్లు. ఏటా పూత మీదే తోట అమ్మేసి, తీరా కాపు కాసాక "అయ్యో, తొందరపడ్డామే" అని నాలుక్కరుచుకుని విసిగిపోయాడు. నేరుగా హైదరాబాదు అపార్టుమెంట్లకే కాయ పంపుదామని ఓ వెబ్‌సైటు పెట్టించాడు. అక్కడితో ఆగి ఉంటే ఆయన మీద రాయడానికేమీ లేదు. సైటు చేసిన కుర్రాడు చెప్పులేసుకుంటూ "ఎస్ఈఓ చూసుకోండి బాబాయ్, లేకపోతే గూగుల్లో కనపడం" అనేసి పోయాడు. ఎస్ఈఓ అంటే జనం గూగుల్లో కొట్టే మాటలకి, అంటే కీవర్డులకి, మన సైటు పైన కనపడేలా చేసుకోవడం. ఆ పూట నుంచి బాబాయి మనిషి మనిషిలా లేడు.

వెనకటికి పొద్దున్నే తోటకెళ్లి పూత మీద తేనెమంచు పురుగు పడిందేమో చూసేవాడు. ఇప్పుడు మంచం దిగకుండానే ర్యాంకు చూస్తాడు. "ఫస్ట్ వచ్చాం!" అని కేకేస్తే పిన్ని కాఫీ గ్లాసుతో వచ్చి చూస్తుంది, నిజంగానే ఫస్టు. కాకపోతే అది ఆయన ఫోన్లో. రోజుకి ఇరవైసార్లు తన సైటే నొక్కే మనిషికి గూగుల్ ఆ సైటునే ముందుకు తెచ్చి చూపించొచ్చు, ఉన్న చోటుని బట్టీ ఫలితాలు మారతాయి. కూకట్‌పల్లిలో కూతురు వెతికితే నాలుగో పేజీలోనూ జాడ లేదు. "మీ వైఫై బాగాలేదమ్మా" అన్నాడు.

ఆయన మాటతీరూ మారింది. మనవడి బారసాలలో పేరు ఖాయం చేసే వేళకి "సాయి అని మాత్రం పెట్టకండ్రా, కాంపిటీషన్ మరీ ఎక్కువ" అని అడ్డుపడ్డాడు. పంతులుగారు ఇంకా నక్షత్రం లెక్కలోనే ఉన్నారు.

ఇక సైటులో మొదటి పేజీ. ఉన్నదున్నట్టు ఇలా ఉండేది: "నూజివీడు మామిడి కావాలా? నూజివీడు మామిడి అంటే నూజివీడు మామిడే. బెస్ట్ నూజివీడు మామిడి, చీప్ నూజివీడు మామిడి, నూజివీడు మామిడి నియర్ మీ." కోడలు మెల్లగా అడిగింది, "నియర్ మీ అంటే ఎవరికి దగ్గర మావయ్యా?" అని. "చదివేవాడికమ్మా" అన్నాడు. చదివేవాడు మియాపూర్‌లో ఉన్నాడు. 2022 ఏప్రిల్‌లో నూజివీడు కృష్ణా జిల్లాలోంచి ఏలూరు జిల్లాలోకి వెళ్లాక పేజీ రెట్టింపయింది. కృష్ణా జిల్లా నూజివీడు మామిడి, ఏలూరు జిల్లా నూజివీడు మామిడి, ముందుజాగ్రత్తగా ఎన్టీఆర్ జిల్లా పక్కన నూజివీడు మామిడి. అక్కడితో తృప్తి లేక పేజీ అడుగున తెల్లటి నేల మీద తెల్లటి అక్షరాలతో మరో రెండొందల సార్లు. కంటికి కనపడదు, గూగుల్‌కి కనపడుతుందని ధీమా. గూగుల్‌కి కనపడే మాట నిజమే. దాచిన రాతని అది మోసం కింద జమకడుతుంది.

ఈ విద్యలన్నీ పాతికేళ్ల నాటివి. 1998లో గూగుల్ పుట్టిందే, ఒక పేజీ విలువని దానికి ఎవరెవరు లింకు ఇచ్చారన్న దాన్నిబట్టి తూచే పద్ధతితో. కోడ్‌లో రహస్యంగా రాసే కీవర్డుల జాబితాని ర్యాంకుకి లెక్కలోకి తీసుకోవడం లేదని 2009లో గూగులే ప్రకటించింది. ఒకే మాట కుక్కడం మీదా, కొన్న లింకుల మీదా 2012లో పెంగ్విన్ పేరుతో కొరడా తీసింది. బాబాయికి ఈ కబురు ఇంకా అందలేదు. ఎవరో డబ్బు తీసుకుని వెయ్యి లింకులు ఇప్పిస్తామంటే ఇచ్చాడు. తీరా చూస్తే అవన్నీ ఏ దేశానివో తెలియని జూదం సైట్లు. "పేకాట జోలికి పోని మనిషివి, బుద్ధుందా?" అని పిన్ని రెండ్రోజులు మాట్లాడలేదు.

అసలు చిక్కు ఇంకోటుంది. నూజివీడు అన్న మాట గూగుల్లో ఖాళీగా లేదు. కొడితే ముందు నూజివీడు సీడ్స్ కంపెనీ వస్తుంది, 2008లో వచ్చిన ట్రిపుల్ ఐటీ వస్తుంది, వికీపీడియా వస్తుంది. వాటిని తోసుకుని ఆరెకరాల రైతు పైకెక్కేదెప్పుడు? మామిడికాయ కొనేవాడు ఆ ఒక్క మాట కొట్టి ఊరుకోడు కూడా. "పచ్చిగా వచ్చిన మామిడి ఎన్నాళ్లకి పండుతుంది" అనో, "రసం మామిడి ఎలా తినాలి" అనో, చాలాసార్లు ఇంగ్లీషు అక్షరాల్లో, తన అవసరమే ప్రశ్నగా కొడతాడు. అలాంటి పొడుగు ప్రశ్నలకి పోటీ తక్కువ. జవాబు బాగుంటే కొత్త సైటుకీ చోటు దొరుకుతుంది.

విచిత్రం చూడండి, ఆ జవాబులన్నీ బాబాయి నోట్లోనే ఉన్నాయి. కార్గోలో పెట్టె అందుకున్న ఏ ఇల్లాలో ఫోన్ చేస్తే కీవర్డులు మరిచిపోయి మళ్లీ రైతైపోతాడు. "అమ్మా, కంగారుపడి ఫ్రిజ్జులో పెట్టకండి, అక్కడ పచ్చికాయ మాగదు, చెడుతుంది. వరిగడ్డి లేకపోతే పాత పేపరు పరిచి, ఒకదాని మీద ఒకటి పడకుండా సర్దండి. తొడిమ దగ్గర భుజాలు పొంగిన కాయే పంపాం, నాలుగైదు రోజులు ఓపిక పట్టండి. రోజూ చూసి మెత్తబడ్డది ముందు తీసేయండి. చిన్న రసాన్ని కత్తితో కొయ్యకండి తల్లీ, పాపం! చేతుల్లో మెల్లగా పిసికి, తొడిమ ఊడదీసి, మొదటి నాలుగు చుక్కలు పిండి పారేయండి, అది సొన, పెదవి పొక్కుతుంది. అప్పుడు నోట్లో పెట్టుకోండి." ఇందులో ఒక్క ముక్క సైటులో లేదు. గంప పైవరసన మేలికాయ పేర్చి కింద పిందెలు నింపేవాడిని ఆమడ దూరం నుంచి పసిగట్టే మనిషి, తన పేజీకి మాత్రం పైవరసే పేర్చాడు.

ప్రకటనల డబ్బు కథ వేరే. గూగుల్ యాడ్సెన్స్ తెలుగు పేజీలకీ వచ్చిందని విని చేరాడు. పది డాలర్లు దాటగానే చిరునామా సరిచూడ్డానికి పోస్టులో పిన్ నంబరు కవరొస్తే దేవుడి పటం దగ్గర పెట్టాడు. వంద డాలర్లయితేగాని డబ్బు చేతికి రాదని తెలిసి, పెళ్లిళ్లలో చుట్టాలందరి చేతా తన ప్రకటనలు నొక్కించాడు. ఖాతా మూసేశారు. కవరు మాత్రం పటం దగ్గరే ఉంది.

చివరికి కోడలు ఓ ఫిబ్రవరిలో, కాయ ఇంకా పిందె మీద ఉండగానే, ఆయన ఏటా ఫోన్లో చెప్పే మాటలు పక్కనే కూర్చుని మళ్లీ చెప్పించుకుని టైపు చేసింది. "పచ్చి మామిడి ఇంట్లో మాగబెట్టడం, చిన్న రసం తినే పద్ధతి" అని సూటిగా శీర్షిక పెట్టింది. కెమెరా పెట్టిన అంకెల పేరు తీసేసి ఫొటోకి కాయ పేరు పెట్టింది, ఫోన్లో చటుక్కున తెరుచుకునేలా సైజు తగ్గించింది. ఫొటో కింద అందులో ఏముందో ఒక వాక్యం రాసింది. గూగుల్ కొత్త పేజీని చూసి, చదివి, నమ్మడానికి వారాలు పడుతుంది కాబట్టి మేలో రాస్తే ఆ ఏడు కాయ అయిపోయినట్టే. కోతలు మొదలయ్యేసరికి, గూగులే లెక్క చూపించే సెర్చ్ కన్సోల్‌లో జనం ఏ ప్రశ్న కొట్టి వచ్చారో వరసగా కనపడింది. ఒక్కదాంట్లోనూ "బెస్ట్" లేదు.

బాబాయికిది నచ్చలేదు. "నూజివీడు మామిడి అని అందులో రెండేసార్లుందేంటమ్మా, ఇంకో నలభై వేద్దాం" అని కూర్చోబోతే పిన్ని లాప్‌టాప్ మూసేసింది. మీ ఊళ్లోనూ ఇలాంటాయన ఉంటాడు. ఫోన్ చేసి కాయల సంగతి అడగండి, చెప్పింది చెప్పినట్టు రాసి పెట్టండి. పాస్‌వర్డు మాత్రం ఆయనకి చెప్పకండి.