పనికి రాని కుక్క: టీకా తాత్పర్య సహితము

అవతారిక

మూలంలో లేనిది రాయననీ, అక్కరలేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టి మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్యలు రాశాడు. ఆయన మెదకు సీమవాడు. ఈ వ్యాఖ్యాత గుంటూరు సీమవాడు. ముప్ఫై నాలుగేళ్లు హైస్కూల్లో తెలుగు చెప్పి రిటైరైనవాడు. అంతటి నిగ్రహం లేనివాడు. ఇంగ్లండులో, రెడింగ్ పట్టణంలో, ఆరు నెలల వీసా మీద అమ్మాయి ఇంట ఉండగా ఈయనకు ఒక ఆటవెలది దొరికింది. దొరికింది తాళపత్రాల కట్టలో కాదు, ఫ్రిజ్ తలుపు మీద, అయస్కాంతం కింద. కవి అజ్ఞాతుడు. దస్తూరీ వ్యాఖ్యాతదేనని మా ఆవిడ అంటుంది గానీ, ఆ మాట ప్రక్షిప్తం.

మూలము

పనికి రాని కుక్క బడినుండి వచ్చెను
జీను విప్పి వేసి చేరె నింట
దారి చూపుమనినఁ దాఁ జూచు బిస్కత్తు
కన్ను లిచ్చుదాని కడుపు పెద్ద

ప్రతిపదార్థం

పనికి = కొలువుకు; రాని = వెళ్లని (రెండు మాటలుగా చదవాలి, పాఠభేద చర్చ చూడుడు); కుక్క = లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్ జాతుల కలయికలో పుట్టిన, ఇంకా రెండేళ్లు నిండని, విల్మా అనే పేరుగల ఆడకుక్క (మా ఆవిడ నోట విమల); బడినుండి = చూపులేనివారికి దారిలో తోడు నడిచే కుక్కలను తయారుచేసే శిక్షణాలయం నుండి; వచ్చెను = అల్లుడుగారి కారు వెనకసీటులో వచ్చెను; జీను = ఒంటికి తొడిగే తెల్లని పట్టీలు, వాటికి బిగించిన పిడి; విప్పి వేసి = ఇక తొడగనక్కరలేకుండా విడిచి; ఇంటఁ జేరె = సోఫా ఎక్కెను; దారి చూపుమనినన్ = పార్కుకు తోవ ఏదని అడగగా; తాన్ = తాను; బిస్కత్తు చూచు = వ్యాఖ్యాత చొక్కాజేబు వంక చూచును; కన్నులు ఇచ్చుదాని = ఒకరికి కన్నులై నడిచే ఈ జాతి కుక్క యొక్క; కడుపు పెద్ద = ఆకలి ఎన్నడూ తీరదు.

తాత్పర్యం

గైడ్ డాగ్ కావలసిన కుక్క, శిక్షణ సగంలో ఉద్యోగం తప్పి, మా ఇంటికి పెంపుడు కుక్కగా వచ్చింది. పని మరిచిపోయింది. తిండి మరవలేదు.

విశేషాలు

బడి: కవి ఒక్క మాటతో దాటవేసిన చోట వ్యాఖ్యాత ఆగాలి. చూపు కోల్పోయిన సైనికుల కోసం ఇలాంటి బడి మొదట జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో 1916లో వెలిసింది. ఇంగ్లండులో 1931లో, లివర్‌పూల్‌కు నది అవతల ఉన్న వాలసీ పట్టణంలో, మ్యూరియల్ క్రుక్, రోజమండ్ బాండ్ అనే ఇద్దరు స్త్రీలు ఒక కారుషెడ్డులో పాఠాలు మొదలుపెట్టారు. మొదటి తరగతిలో ఉత్తీర్ణులైనవి నాలుగు: జూడీ, ఫ్లాష్, ఫాలీ, మెటా. నాలుగూ జర్మన్ షెపర్డ్ జాతివే.

ఇప్పటి పద్ధతి గురుకులాన్ని తిరగేసినట్టు ఉంటుంది. ముందు గృహస్థాశ్రమం, తర్వాత బ్రహ్మచర్యం. ఎనిమిది వారాల వయసులో పిల్లను ఒక స్వచ్ఛంద కుటుంబానికి అప్పగిస్తారు. వాళ్లు దాన్ని బస్సెక్కిస్తారు, రైలెక్కిస్తారు, సంతకు తీసుకెళతారు, లోకం చప్పుడుకు అలవాటు చేస్తారు. ఏడాది దాటాక పిల్ల బడికి పోతుంది. పెంచినవాళ్లు గుమ్మంలో నిలబడి సాగనంపుతారు. మన ఆడపిల్లల అప్పగింతలు చూసినవాళ్లకు ఇక్కడ వేరే వ్యాఖ్య అక్కరలేదు.

జీను: జీను గుర్రానికి గదా, కుక్కకెలా అన్నాడని ఆక్షేపించవచ్చు. హార్నెస్ అనే మాటలో రెండూ గురువులే, సూర్యగణంలో ఇమడదు. కవి నిరపరాధి.

దారి చూపుమనినన్: ఇక్కడ మాత్రం కవి పొరబడ్డాడు, లోకమంతా పొరబడినట్టే. దారి కుక్కకు తెలియదు. బ్యాంకు ఎటో, బస్టాపు ఎటో మనసులో పటం గీసుకునేది మనిషి. ముందుకు పొమ్మని ‘ఫార్వర్డ్’ అనేది మనిషి. సిగ్నల్ దీపాన్ని కుక్క చదవదు. ఎరుపూ పచ్చా దాని కంటికి స్పష్టంగా వేరుపడవు. వాహనాల చప్పుడు విని, రోడ్డు ఎప్పుడు దాటాలో నిర్ణయించేది కూడా మనిషే. గుంట, స్తంభం, తలకు తగిలే కొమ్మ, ఇవి కుక్క చూసుకుంటుంది. అడుగు వేయబోయే క్షణంలో కారు దూసుకొస్తే, యజమాని పొమ్మన్నా కదలనని మొరాయిస్తుంది. మనిషికి దారి తెలుసు, కుక్కకు అడ్డు తెలుసు. ఇద్దరూ కలిస్తే ఒక ప్రయాణం. చెప్పిన మాట వినడం నేర్పే బళ్లు లోకంలో కోకొల్లలు. ఎప్పుడు వినకూడదో కూడా నేర్పే బడి ఇది. ముప్ఫై నాలుగేళ్లలో ఈ వ్యాఖ్యాత అలాంటి విద్యార్థిని ఒక్కణ్ణీ తయారు చేయలేకపోయాడు.

బిస్కత్తు, కడుపు పెద్ద: ఇది అతిశయోక్తి అని తొందరపడరాదు, స్వభావోక్తి. కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు 2016లో దీనికి శాస్త్రప్రమాణం చూపారు. లాబ్రడార్లలో కొన్నింటికి పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లోపించి ఉంటుంది. ఆ లోపం ఉన్న కుక్కకు తిన్నా తిన్నట్టుండదు. మామూలు లాబ్రడార్లలో సుమారు నాలుగింట ఒకదానికి ఈ లోపం ఉంటే, వాళ్లు పరీక్షించిన సహాయక లాబ్రడార్లలో 76 శాతానికి కనిపించింది. కారణం ఊహించడం కష్టం కాదు. శిక్షణలో బహుమతి తిండి. తిండికి ఆశపడే కుక్క త్వరగా నేర్చుకుంటుంది. త్వరగా నేర్చుకునేదే ఎంపికవుతుంది. అంటే ఏ గుణం విమలను బడిలో చేర్చిందో ఆ గుణమే బడి నుంచి వెళ్లగొట్టింది. బస్టాపు దగ్గర నేల మీద పడిన చిప్స్ ముక్క కోసం పాఠం చెప్పే శిక్షకుణ్ణి దీపస్తంభం దాకా నడిపించిందట. ఒకసారి కాదు, మూడుసార్లు.

ఇంటఁ జేరె: ఇంత తేలిగ్గా చేరలేదు. ముందు ఒకావిడ వచ్చి ఇల్లు చూసింది. పెరటి కంచె ఎత్తు చూసింది, గేటు గడియ చూసింది, పగలు ఇంట్లో ఎవరుంటారని అడిగింది. గంటల తరబడి ఒంటరిగా వదిలే ఇంటికి కుక్కను ఇవ్వరు. అమ్మాయి పెళ్లికి సంబంధం చూడవచ్చినవారు కూడా మమ్మల్ని ఇన్ని ప్రశ్నలు వేయలేదు. మెడపట్టీకి తగిలించే బిళ్ల మీద యజమాని పేరు, చిరునామా ఉండాలని ఇక్కడి చట్టం. అల్లుడుగారి ఇంటిపేరుతో కలిపి రాసేసరికి బిళ్లకు రెండో వైపు కూడా కావలసి వచ్చింది.

వంటింటి నియమాలు మా ఆవిడ గోడకు అంటించింది. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్ కుక్కకు విషం. అంటే మా ఇంట పెసరట్టు ముక్క జారిపడినా, పాయసంలో కిస్మిస్ దొర్లినా ప్రమాదమే. దాని మేత తూకం వేసి, ఈల ఊది పెట్టాలి. చిన్ననాటి నుంచి ఆ ఈలే దానికి బడిగంట. ‘బిజీ, బిజీ’ అంటే పెరట్లో ఒక మూలకు వెళ్లి కాలకృత్యం తీర్చుకోవడం కూడా దానికి నేర్పిన విద్యే. అల్లుడుగారు ఫోనులో ఆఫీసువాళ్లతో ‘బిజీ, బిజీ’ అన్నప్పుడల్లా విమల లేచి తలుపు దగ్గర నిలబడుతుంది. ఆయన ఇప్పుడు ‘తీరిక లేదండీ’ అనడం నేర్చుకున్నారు. ఆ విధంగా ఈ కుక్క వల్ల ఒక తెలుగువాడు తెలుగులోకి వచ్చాడు.

పాఠభేద చర్చ

విమల ఫొటో కుటుంబ వాట్సాప్‌లో పెట్టిన రోజే తెనాలి నుంచి వియ్యంకుడుగారు ఫోను చేశారు. “బావగారూ, పోయిపోయి ఫెయిలైన కుక్కను తెచ్చుకున్నారేమిటండీ? పనికిరాని కుక్కకు ఇంత హంగామా ఎందుకు?”

వియ్యంకుడుగారి పాఠంలో ‘పనికిరాని’ ఒకే మాట. తెలుగులో ఆ రెండు మాటల నడుమ ఖాళీ పోయిందంటే అర్థం మొత్తం తిరగబడుతుంది. పనికి రానిది ఉద్యోగానికి వెళ్లనిది. పనికిరానిది ఎందుకూ కొరగానిది. మొదటిది వార్త, రెండోది తిట్టు. ఇంగ్లండు ప్రతిలో ఈ చోట ‘విత్‌డ్రాన్’ అని ఉంది: పని నుంచి వెనక్కి తీసుకున్నది. అమెరికా ప్రతిలో ‘కెరీర్ చేంజ్’ అని ఉంది: కొలువు మార్చుకున్నది. రెండు ప్రతుల్లోనూ తిట్టు లేదు.

అయితే ఫెయిలు మాట అబద్ధమా అంటే, దానికీ సమాధానం చెప్పాలి. మా బళ్లలో 35 మార్కులొస్తే పాసు. ఆ బడిలో నూటికి నూరు రావాలి. పోయిన ఆ ఒక్క మార్కులోనే ఒక మనిషి ప్రాణం ఉంటుంది. కాబట్టి చప్పుడుకు బెదిరేదాన్ని, పావురాల వెంట పడేదాన్ని, తుంటి కీలు బలహీనమైనదాన్ని, పనంటే ఇష్టం లేనిదాన్ని, 99 వచ్చినా సరే, బడి పక్కన పెడుతుంది. వాటిలో కొన్ని చూపు మందగించిన పిల్లలకు ఆటతోడుగా పోతాయి, ముక్కు చురుకైనవి పోలీసు కొలువులో చేరతాయి, మిగిలినవి ఇళ్లకు వస్తాయి. 99 వచ్చినవాణ్ణి పనికిరానివాడని మనం ఏ ఊళ్లో అన్నాం? ఈ ప్రశ్నకు తెనాలి నుంచి ఇంకా సమాధానం రాలేదు.

శంక, సమాధానం

శంక: ‘పనికి రాని’ అంటే రిటైరైన కుక్క అని కూడా చెప్పవచ్చు గదా?

సమాధానం: చెప్పవచ్చు. అప్పుడు హాస్యం తగ్గి కరుణ పెరుగుతుంది. పనిచేసే కుక్క పదేళ్ల ప్రాయానికి జీను విప్పుతుంది. నిన్నటిదాకా యజమానితోపాటు హోటల్లోకీ బస్సులోకీ దర్జాగా వెళ్లినది, ఆ రోజు నుంచి చట్టం దృష్టిలో ఒట్టి పెంపుడు కుక్క. యజమానికి కొత్త కుక్క కావాలి. పాతదాన్ని ఇంట్లోనే ఉంచుకుంటారు కొందరు. అప్పుడు కొత్తది జీను తొడుక్కుని గుమ్మం దాటుతుంటే పాతది చూస్తూ పడుకోవాలి. ఇల్లు చిన్నదైతే, ఒంట్లో శక్తి చాలకపోతే, రెండు కుక్కలను సాకలేరు. అప్పుడు బంధువులను, మిత్రులను, చిన్నప్పుడు పెంచిన కుటుంబాన్ని అడుగుతారు. వాళ్లకూ వీలు పడకపోతేనే బయటివాళ్ల వంతు. జపాన్‌లో క్విల్ అనే గైడ్ డాగ్ చివరి రోజులు తనను పిల్లప్పుడు పెంచినవారి ఇంటనే గడిపి 1998లో కన్నుమూసింది; దాని కథ 2004లో సినిమాగా వచ్చింది. ముసలి కుక్కను తెచ్చుకునేవారు కీళ్లనొప్పులూ, పశువైద్యుడి బిల్లూ, కొద్ది కాలమే మిగిలిన స్నేహమూ కలిపి తెచ్చుకుంటారు. అన్నీ తెలిసి కూడా తెచ్చుకుంటారు.

మరి ధర్మరాజు వెంట నడిచిన కుక్కను ఇక్కడ తలచుకోవద్దా? వద్దు. అది వెనక నడిచింది. ఇవి ముందు నడిచినవి.

అలంకారం, ఛందస్సు

ఛందస్సు ఆటవెలది; ఆట మరిగిన కుక్కకు తగినది. నాలుగో పాదం సామెత కాదగినది. అలంకారం శ్లేష. ఈ సంగతి వ్యాఖ్యాత ఆలస్యంగా కనిపెట్టాడు. పనికి రానిది, బడి నుంచి వచ్చినది, జీను విప్పి అమ్మాయి ఇంట చేరినది, దారి అడిగితే బిస్కత్తు వంక చూసేది అయిన ప్రాణి ఈ ఇంట ఇంకొకటి ఉంది. దానికి షుగరు కనుక దానికీ బిస్కత్తులు లెక్కపెట్టే ఇస్తారు. సాయంత్రం నాలుగింటికి ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చుని ఒకే డబ్బా వంక చూస్తుంటే, మనవరాలు వచ్చి ఇద్దరికీ చెరొకటి ఇస్తుంది. తూకం ఇద్దరికీ సమానం. ఆ అమ్మాయి ఇంతవరకూ ఇద్దరిలో ఎవరినీ మార్కులెన్నని అడగలేదు.

ఫలశ్రుతి

ఈ టీక చదివినవారు ఇలాంటి కుక్కను కోరుకుంటే ముందు కంచె సరిచూసుకోవాలి, ఇంట్లో మనిషి ఉండేలా చూసుకోవాలి, ఉల్లిపాయల బుట్ట పై అరలో పెట్టుకోవాలి, వరుస వచ్చేదాకా ఓపిక పట్టాలి. విన్నవారు, చదివినవారు కూడా మూడో బిస్కత్తు అడగకుందురు గాక.

ముద్రాపకులకు మనవి: మొదటి పాదంలో ‘పనికి’, ‘రాని’ అనే రెండు మాటల నడుమ ఖాళీ తప్పక ఉంచగలరు.