గుట్టు చెక్‌పోస్టు దాటింది

గరికపాడు పెద్దాయన తన రక్తపరీక్ష రిపోర్టు తనే చూసుకుందామనుకుంటే, ఓటీపీ హైదరాబాదులో ఉన్న కొడుకు ఫోనుకు పోయింది.

ఆ రిపోర్టు దాచిన ఆభా ఆరోగ్య ఖాతా నంబరుకు 14 అంకెలు. మీ అనుమతి లేనిదే ఎవరికీ చూపించమని మాటిచ్చారు. మాట మీదే ఉన్నారు. ఆయనకు కూడా చూపించడం లేదు.

కొడుకు ఓటీపీ చెప్పడు. "నువ్వు కంగారు పడతావు నాన్నా, నేను చూసుకుంటాలే" అంటాడు.

పడటానికి కంగారేం మిగిలింది? షుగరెంతో నర్సమ్మ అరుగు మీదే గట్టిగా చదివి మరీ ట్యాబులో ఎక్కించింది. ఆ సాయంత్రం ఎదురింటివాళ్లు అడక్కుండానే చక్కెర లేని టీ పంపించారు.

అయినా గరికపాడు చెక్‌పోస్టున్న ఈ ఆంధ్ర-తెలంగాణ సరిహద్దుకు రోగాల గుట్టు కొత్తా? 2021 మేలో ఇటునుంచి కరోనా రోగి హైదరాబాదు బయల్దేరితే, హద్దు దాటగానే తెలంగాణ పోలీసులు అంబులెన్సు ఆపారు. ఆసుపత్రిలో మంచం ఖాయమైనట్టు కాగితం చూపించమన్నారు. డాక్టరు కంటే ముందు కానిస్టేబులు చూడాలన్నమాట! హైకోర్టు స్టే ఇస్తే గానీ బండి కదల్లేదు.

2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం చేశారు. బయటివాడు తొంగిచూసేలా వదిలేసిన సంస్థకు కోట్లలో జరిమానా అని రాశారు. ఇంట్లోవాళ్లకు మాత్రం పాస్‌వర్డ్ కూడా అక్కర్లేదు, పెట్టింది వాళ్లేగా.

పెద్దాయన చివరికి జగ్గయ్యపేటలో వియ్యంకుడికి ఫోన్ కొట్టాడు.

"బావగారూ, నా కొలెస్ట్రాల్ ఎంతండీ?"

"ఉండండి, మా ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. చూసి చెప్తా."