చరణం దాకా రాని పాట

ఆదివారం మధ్యాహ్నం అక్క ఫోన్ చేసి, "భోంచేశావా?" అని కూడా అడక్కుండా "ఈసారిది మంచం కింద పట్టట్లేదురా" అందంటే, మా బావ ఎర్రగడ్డ సంత నుంచి ఇల్లు చేరాడని అర్థం.

బావ ముప్పై రెండేళ్లు బ్యాంకులో అప్పులిచ్చే సీట్లో కూర్చున్నాడు. తాకట్టు కాగితాల్లో చిన్న గీత తేడాగా ఉన్నా పసిగట్టేవాడని పేరు. ఆ మనిషే రిటైరయ్యాక ఊళ్లో ఉన్న మొండి బాకీలన్నీ వెతికి మరీ ఇంటికి మోసుకొస్తున్నాడు. పాత స్టీరియో ఆంప్లిఫైయర్లు! పన్నెండు కిలోలకు తక్కువైతే దాన్ని ఆంప్లిఫైయరని ఒప్పుకోడు.

ఒకసారి నన్నూ వెంట తీసుకెళ్లాడు. కొనడంలో ఆయనకో శాస్త్రం ఉంది. కావలసినదాని వంక చూడకూడదు. ముందు మిక్సీ జార్ ధర అడిగాడు. తర్వాత తీగ తెగిన ఇస్త్రీ పెట్టెను తిప్పి తిప్పి చూశాడు. ఆఖర్న, ఏదో గుర్తొచ్చినట్టు, "అదేంటి, ఆ ఇనప డబ్బా?" అన్నాడు. అంతవరకూ బాగానే నటించాడు. రెండు చేతులా పైకెత్తాడు చూడండీ, అక్కడ చెడింది. బరువుందంటే లోపల పెద్ద ట్రాన్స్‌ఫార్మరున్నట్టు. ఆ బరువు చేతికి తగలగానే ముఖంలో దీపం వెలిగింది. ఆ వెలుగు చూసి అమ్మేవాడు అక్కడికక్కడే అయిదొందలు పెంచాడు. పెళ్లిచూపుల్లో ఈయన అందులో సగం కూడా వెలగలేదని అక్క ఇప్పటికీ అంటుంది.

"చాలూ హై సాబ్, ఖాలీ కనెక్షన్ దేనా" అన్నాడు వాడు. బావ మొహం వాడిపోయింది. నడిచే సరుకంటే ఆయనకు గిట్టదు. "నడిచేదాన్ని కొంటే ఇక మనం చేసేదేముందిరా?" అని దారంతా సణిగాడు. అదృష్టం బాగుండి, ఇంటికొచ్చి చూస్తే అది నడవలేదు.

"ఎన్ని వాట్లు మావయ్యా?" అని మావాడు ఒకసారి పొరపాటున అడిగాడు. గంటన్నర పోయింది. 1978లో వచ్చిన నాడ్ 3020 గురించి చెప్పాడు. కాగితం మీద 20 వాట్లే గానీ దాని తడాఖా వేరట. తొంభైల్లో టూ-ఇన్-వన్‌ల మీద పీఎంపీఓ అని వేలల్లో వేసిన వాట్లను ఉతికి ఆరేశాడు. సాన్సూయి వాళ్లు మొదట్లో ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టినవాళ్లనీ, ఆ పేరుకు జపాన్ భాషలో కొండా నీరూ అని అర్థమనీ చెప్పాడు. మావాడి చేతిలోని బ్లూటూత్ స్పీకర్ వంక చూసిన చూపు మాత్రం, పెళ్లి పందిట్లో పేపరు ప్లేటు చూసిన పెద్దాయన చూపు.

ఆయన వైద్యం మొదలయ్యేది సిరీస్ బోర్డుతో. దానికో చరిత్ర ఉంది. తొలిరోజుల్లో ఒక జపాన్ పెట్టెను నేరుగా మన ప్లగ్గులో గుచ్చాడు. వాళ్ల దేశంలో కరెంటు 100 వోల్టులు, మనది 230. వెనక రేకు మీద ఆ సంగతి రాసే ఉంది, చదివే ఓపికే లేకపోయింది. అక్క వంటింట్లోంచి "సాంబ్రాణి ఎవరు వేశారూ?" అంది. అప్పట్నుంచీ ఏ పెట్టెకైనా మధ్యలో నూరు వాట్ల బల్బు పెట్టి, దాని గుండానే కరెంటిస్తాడు. లోపల షార్టుంటే బల్బు భగ్గున వెలుగుతూనే ఉంటుంది. అంతా సవ్యంగా ఉంటే ఒక్కసారి మెరిసి మసకబారుతుంది. అందుకని ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి బల్బు ఎప్పుడు కొండెక్కుతుందా అని కళ్లప్పగించి చూస్తారు. దీపం ఆరితే శుభమనుకునే ఇల్లు నాకు తెలిసి అదొక్కటే.

తర్వాత కెపాసిటర్లు. "ఊట ఆరిన ఆవకాయ లాంటివిరా ఇవి" అంటాడు. పోలిక బాగానే కుదిరింది. అల్యూమినియం రేకుల మధ్య తడి కాగితం చుట్టి ఉంటుంది. ముప్పై నలభై ఏళ్లకు ఆ తడి ఆరిపోతుంది. అప్పుడు స్పీకర్లోంచి పాటతోపాటు ఒక మూలుగు మొదలవుతుంది. దాన్నే హమ్ అంటారు. ఆ హమ్ము కోసం కోఠీ గుజరాతీ గల్లీకి వారంలో మూడు ట్రిప్పులు. ముప్పై రూపాయల కెపాసిటర్, రానూ పోనూ ఆటోకు మూడొందలు.

ఇంతా చేసి పాట వింటాడా? వినడు. ఇళయరాజా పాట పెడతాడు, కళ్లు మూసుకుంటాడు, ముందు వాద్యాల్లో బేస్ గిటార్ రెండు మెట్లు దిగేదాకా వింటాడు. బాలు గొంతు విప్పబోతుండగా టక్కున ఆపేసి, "ఎడమవైపు కొంచెం తక్కువుంది" అంటూ స్క్రూడ్రైవర్ అందుకుంటాడు. ఆ ఇంట్లో ఇంతవరకూ ఏ పాటకీ చరణం రాలేదు. ఇందుకేనా నాన్న దాచుకున్న ఎల్పీ రికార్డులు నా దగ్గర్నుంచి పట్టుకెళ్లింది? "ఫోనో సాకెట్ టెస్టింగ్‌కి, రెండు రోజుల్లో ఇస్తా" అన్నాడు. ఆరేళ్లయింది.

నాకు బాగా నచ్చిన ఘట్టం ఇంకొకటుంది. ఒక పెట్టెకు ప్రాణముంది గానీ శబ్దం లేదు. నాలుగు నెలలు తంటాలు పడ్డాడు. కెపాసిటర్లు మార్చాడు, ట్రాన్సిస్టర్లు మార్చాడు, ఒకసారి అమావాస్యనీ తిట్టాడు. ఓ సాయంత్రం మా మేనకోడలు కాఫీ గ్లాసు పెడుతూ, "ఇదెందుకు నాన్నా లోపలికి నొక్కి ఉంది?" అని ముందున్న బటన్ మీద వేలు పెట్టింది. ఇల్లంతా పాటతో దద్దరిల్లింది. అది టేప్ మానిటర్ బటన్. నొక్కి ఉంటే పెట్టె టేప్ రికార్డర్ నుంచి వచ్చే శబ్దం కోసమే చూస్తుంది, ఇంకెవరు పాడినా పట్టించుకోదు. బావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత గంభీరంగా, "కెపాసిటర్లు ఎలాగూ మార్చాల్సినవే" అన్నాడు.

ఆ పెట్టే మా గృహప్రవేశానికి కానుకగా వచ్చింది. నిజం చెప్పొద్దూ, అద్భుతంగా పాడుతుంది. నాలుగు రోజులు చరణాలతో సహా విన్నాను. అయిదో రోజు రాత్రి వాల్యూమ్ సున్నాకు తిప్పి, ఫ్యాన్ కట్టేసి, స్పీకర్ జాలీకి చెవి ఆనించాను. "పదకొండున్నరకు దాంతో ఏం ఊసులండీ?" అంది మా ఆవిడ నిద్రమత్తులో. సైగ చేసి ఊరుకోమన్నాను. ఉంది. సన్నగా, దూరంగా, ఉండనే ఉంది.

ఫోన్ చేస్తే మొదటి రింగుకే ఎత్తాడు. బాగున్నావా అనలేదు.

"ఎడమవైపా, రెండువైపులా?"

"రెండువైపులా బావా."

"అయితే పవర్ సప్లై. పొద్దున్నే సిరీస్ బోర్డు పట్టుకొస్తా."

"వచ్చేటప్పుడు నాన్న రికార్డులు కూడా తీసుకురా, టెస్టింగ్‌కి."

అవతల కాసేపు ఏమీ వినిపించలేదు. "ముందు హమ్ పోనీరా" అని పెట్టేశాడు.