దూకడం నేర్చుకునే పిల్లలకు తలకిందుల సలహాలు

గుర్రం మీద దూకడం నేర్చుకోవాలనుకునే పిల్లలు మొదటి రెండు మూడు నెలలు ఏ అడ్డాన్నీ దూకకూడదు. బిడ్డను పొట్టి గుర్రం ఎక్కించి, ఫోన్ పట్టుకుని ఎదురుచూసే తల్లిదండ్రులకు ఈ మాట రుచించదు. అయినా ఇక్కడి నుంచే మొదలుపెడుతున్నాను. దూకేది గుర్రం. అడ్డం ఎంత దూరంలో ఉంది, కాళ్లు ఎక్కడ ఎత్తాలి, ఎక్కడ దిగాలి అన్న లెక్క దానిది. పైన కూర్చున్న బిడ్డ ఆ లెక్క చెడగొట్టకుండా ఉండటం నేర్చుకోవాలి. అది నెలలు పట్టే చదువు. ఈ ఒక్క సంగతి ఒప్పుకుంటే, కింద రాసినవి ఎంత తలకిందులుగా వినిపించినా ఎందుకు చెబుతున్నానో తెలుస్తుంది. ఒక్కోదాన్నీ ఉన్నది ఉన్నట్టు పాటించమనే నా విన్నపం.

ముందుగా, గుర్రాన్ని కొనకండి. నిజామాబాద్‌లో గుర్రం మన కంటబడేది ఎక్కువగా పెళ్లి బారాత్‌లోనే. కొనాలనుకుంటే మాత్రం దారి దగ్గరే ఉంది. బోధన్ దాటి సరిహద్దు అవతలికి పోతే నాందేడ్ జిల్లా. అక్కడి మాళేగావ్ ఖండోబా జాతరకు చలికాలంలో గుర్రాలు, గాడిదలు, ఒంటెలు అమ్మకానికి వస్తాయి. "పిల్లా, గుర్రప్పిల్లా కలిసి పెరుగుతాయి" అని రెండేళ్ల దాన్ని తెచ్చి ఎనిమిదేళ్ల బిడ్డకు అప్పగించాలని కొందరికి ముచ్చట. ఏమీ తెలియని ఇద్దరిని ఒకచోట కట్టేస్తే ఇద్దరూ భయమే నేర్చుకుంటారు. గుర్రం ఎముకలు పూర్తిగా గట్టిపడటానికి ఐదారేళ్లు పడుతుంది, వెన్నెముకది అన్నిటికన్నా ఆఖరు. ఆలోగా అడ్డాలు దూకిస్తే ఆ దెబ్బ అప్పుడు కనిపించదు, పదేళ్ల వయసులో కుంటుగా బయటపడుతుంది. బిడ్డకు గురువుగా పన్నెండు, పదిహేనేళ్ల గుర్రం కావాలి. పాతికేళ్లు దాటి బతికే జంతువుకు అది ముసలితనం కాదు. పట్నంలో రైడింగ్ క్లబ్బులున్నాయి. కాలేజీ వయసు వాళ్లకు హైదరాబాద్‌లో, తిరుపతిలో ఎన్‌సీసీ రిమౌంట్ అండ్ వెటర్నరీ విభాగాలున్నాయి. ఒక ఏడాది అలాంటి చోట, నేర్చిన గుర్రం మీద నేర్చుకోనివ్వండి. బరువు కూడా చూడాలి. జీనుతో కలిపి గుర్రం బరువులో అయిదో వంతు మించకూడదు. రెండు వందల యాభై కిలోల పొట్టి గుర్రం మీద యాభై కిలోలే హద్దు.

ఇక మచ్చిక సంగతి. ఇక్కడ నేను చెప్పేది బోధన్‌లో ఎవరికీ నచ్చదు: బెల్లం పెట్టకండి. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చినప్పటి నుంచి చెరకు ఈ నేల బతుకు. 2015 డిసెంబర్‌లో శక్కర్‌నగర్‌లోని ఆ ఫ్యాక్టరీ గేట్లు మూతపడినా ఆ అలవాటు పోలేదు. చుట్టమొచ్చినా, పసిపిల్ల ఏడ్చినా, ఎద్దు బాగా దున్నినా చేతిలో పెట్టేది తీపే. పొట్టి గుర్రాలకు మాత్రం అది విషంతో సమానం. పొడి గడ్డి మీద బతకడానికి అలవాటుపడిన ఒళ్లు వాటిది. తీపి ఎక్కువైతే రక్తంలో ఇన్సులిన్ పెరుగుతుంది. గిట్ట లోపల ఎముకనూ గిట్ట గోడనూ పట్టి ఉంచే మెత్తటి పొరలు వాచి ఊడిపోతాయి. ముదిరితే ఎముక కిందికి వంగి అరికాలిని నొక్కుతుంది. ల్యామినైటిస్ అంటారు దీన్ని. గిట్టలు వేడిగా తగిలినా, ముందు కాళ్లు చాచి బరువంతా వెనక మడమల మీద వేసి నిలబడినా అదేనని అనుమానించి ఆ రోజే పశువైద్యుణ్ణి పిలవాలి. చెరకు ముక్క, బెల్లం, మొలాసిస్ కలిపిన దాణా, మూడూ వద్దు. అరచేతిలో పెట్టి తినిపించడమే మానేస్తే ఇంకా మంచిది. చేతి నుంచి తిండికి అలవాటైన గుర్రం కొన్నాళ్లకు చెయ్యి కనబడగానే పళ్లతో వెతుకుతుంది, కొరుకుతుంది. తినేది ఏదైనా బకెట్‌లో వేయండి.

తీపి లేకుండా దగ్గరయ్యేదెలా? పేడ ఎత్తించండి. గిట్టల్లో ఇరుక్కున్న రాళ్లు, మట్టి రోజూ బిడ్డ చేతే తీయించండి. ఏకచక్రపురం మా బోధనేననీ, భీముడు బకాసురుణ్ణి చంపింది ఇక్కడేననీ చెప్పుకుంటాం, గర్వపడతాం. పాండవులు అయిదుగురిలో నకులుణ్ణి తలుచుకునేవాళ్లు తక్కువ. విరాటుడి కొలువులో దాక్కోవాల్సి వస్తే ఆయన ఎంచుకున్నది గుర్రాల సాకుడు. సాకినవాడికే గుర్రం మనసు తెలుస్తుందని నా గట్టి నమ్మకం. గుర్రాలు ఒకదానితో ఒకటి స్నేహం చూపేది మెడ మొదట్లో, మూపు దగ్గర పళ్లతో గోక్కుంటూ. అక్కడ మనిషి గోకినా గుర్రం గుండె వేగం తగ్గుతుందని ఫ్రాన్స్‌లో కమార్గ్ గుర్రాల మీద చేసిన పరిశోధన 1993లో అచ్చయింది. ముఖం మీద తట్టడం, ముక్కు మీద ముద్దులు మనకు ఇష్టం, దానికి కాదు. మూపు గోకించండి. అది పై పెదవి ముందుకు సాచి మెలితిప్పుతుంటే బిడ్డ చెయ్యి సరైన చోట పడ్డట్టు.

గాయమైతే పసుపు అద్ది ఊరుకోకండి. పసుపు పండే ఊళ్లో ఈ మాట అనడం కష్టమే. కానీ ధనుర్వాతం గుర్రానికి వచ్చినంత తేలిగ్గా మరే పెంపుడు జంతువుకూ రాదు. గిట్టలో దిగిన ఒక మేకు చాలు. టీకా ముందే వేయించి ఉండాలి, గాయమైన రోజు మళ్లీ డాక్టర్‌ను అడగాలి.

అడ్డం పడిపోయేలా పెట్టండి. "గట్టిగా కట్టండి, కాలికి తగిలితే ఇంకోసారి ఎత్తుతుంది" అనే సలహా చాలాచోట్ల వింటాం. అది క్రూరం, పైగా ప్రమాదం. కాళ్లు తట్టుకున్నప్పుడు కర్ర కదలకపోతే గుర్రం పల్టీ కొట్టి పిల్ల మీద పడుతుంది. కర్రతో కాళ్ల మీద కొట్టి ఎత్తు నేర్పే పద్ధతిని అంతర్జాతీయ పోటీల్లో నిషేధించారు. మన దగ్గర నీలగిరి కర్రలు దొరుకుతాయి. బెరడు చెక్కి, కొసలు నున్నగా చేసి, తగిలితే దొర్లిపోయేలా రెండు వైపులా లోతు తక్కువ ఆనింపు మీద ఉంచండి. అదీ తర్వాతి మాట. మొదటి నెలల్లో కర్రలు నేల మీదే ఉండాలి. దుల్కీ నడకలో గుర్రం వాటి మధ్య అడుగేస్తూ పోవాలి. పెద్ద గుర్రానికి నాలుగు, నాలుగున్నర అడుగుల ఎడం చెబుతారు, పొట్టిదానికి అంతకన్నా తక్కువ. పుస్తకంలోని కొలత కన్నా నేల మీద దాని గిట్టల గుర్తులను నమ్మండి. ఆ నేల కూడా చూసుకోవాలి. బోధన్ వైపు రేగడి వానకు జారుతుంది, ఎండకు గిట్ట దిగేంత పగుళ్లిస్తుంది. ఇసుక కలిసిన ఎర్ర చెలక వెతుక్కోండి.

అడ్డం వైపు చూడకండి. ఇది పిల్లలకు చెప్పే మాట. అడ్డం దగ్గరకు రాగానే కళ్లు కర్ర మీద పడితే తల వంగుతుంది, తల వెంట భుజాలు, భుజాల వెంట బరువంతా గుర్రం ముందు కాళ్ల మీదికి పోతుంది. సరిగ్గా అవి లేవాల్సిన సమయంలో. అవతల ఉన్న చెట్టునో, గేటునో చూస్తూ పోవాలి. గుర్రం కళ్లు తలకు రెండు పక్కలా ఉంటాయి కాబట్టి చుట్టూ దాదాపు అంతా కనిపిస్తుంది, కానీ నుదుటికి ఎదురుగా, ముక్కు కింద ఉన్నది కనిపించదు. ఎగిరే ఆఖరి క్షణంలో కర్ర దాని చూపులో ఉండదు. కొంచెం ముందు చూసినదాన్ని గుర్తుపెట్టుకుని ఎగురుతుంది. ఆ ముందు చూపు కోసం తల ఎత్తనివ్వాలి, మెడ చాచనివ్వాలి.

అందుకే, భయం వేసినప్పుడు పగ్గాలు వదలండి. పూర్తిగా జారవిడవమని కాదు, చేతులు ముందుకు, మెడ వెంట పోనివ్వమని. భయమేస్తే లాగడం మనిషికి సహజం. శతాబ్దాల పాటు సైన్యాలు కూడా అదే నేర్పాయి: అడ్డం దాటేటప్పుడు వెనక్కి వాలు, కాళ్లు ముందుకు చాపు, కళ్లెం బిగించు. ఇటలీ అశ్వికదళంలో ఫెడెరికో కాప్రిల్లి అనే అధికారి, 1868లో పుట్టినవాడు, రౌతు లేని గుర్రాలు తమంతట తాము ఎలా దూకుతాయో కూర్చుని చూశాడు. మెడ ముందుకు చాచి, వీపు గుండ్రంగా వంచి దూకుతున్నాయి. మనిషి ఎక్కగానే ఆ రెండూ ఆగిపోతున్నాయి, నోటి నొప్పికి. రికాబులు పొట్టి చేసి, జీను మీంచి కొంచెం లేచి, గుర్రంతో పాటు ముందుకు వంగమన్నాడు. పైఅధికారులు మొదట కొట్టిపారేశారు. 1907లో ఆయన చనిపోయే నాటికే ఇటలీ సైన్యం ఒప్పుకుంది, తర్వాత ప్రపంచం ఒప్పుకుంది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో బెంగళూరు కుర్రాడు ఫవాద్ మీర్జా రజతం గెలిచినప్పుడు గుర్రం మీద కూర్చున్న తీరూ ఆ వంశానిదే. లాగడం మానని బిడ్డకు మొదట్లో గుర్రం మెడ చుట్టూ ఒక పట్టీ కట్టి, అది పట్టుకోమనండి. భయానికి పట్టుకోవడానికి ఏదో కావాలి, అది గుర్రం నోరు కాకూడదు.

పడ్డ వెంటనే మళ్లీ ఎక్కించకండి. ఎక్కించకపోతే భయం స్థిరపడిపోతుందని తాతల నుంచి వస్తున్న మాట, అన్నిటికన్నా ఎక్కువగా బిడ్డలకు హాని చేసిన మాట. ముందు తలకు తగిలిందా చూడాలి. తలనొప్పి, వాంతి, మత్తు, అడిగిందే అడగడం, ఒక్కటి ఉన్నా నేరుగా ఆస్పత్రికి పోవాలి. ఆ రోజు స్వారీ ముగిసింది. బాగానే ఉంటే సాయంత్రం గుర్రానికి మేత వేయడానికి తీసుకెళ్లండి, ఆ దగ్గరతనం చాలు. స్వారీ కోసం చేసిన హెల్మెట్ కావాలి, నాన్న మోటార్ సైకిల్‌ది పనికిరాదు. ఒకసారి గట్టిగా నేలకు తగిలితే కొత్తది కొనాలి. మడమ ఉన్న బూటు లేకుండా రికాబులో కాలు పెట్టనివ్వకండి. చెప్పుల కాలు లోపలికి దూరిపోతే పడ్డ బిడ్డను గుర్రం ఈడ్చుకుపోతుంది.

బారాత్ గుర్రాన్ని తెల్లవారి అద్దెకు తెచ్చి దూకించడం మాత్రం దయచేసి ఎవరూ చేయవద్దు. రాత్రంతా బ్యాండు, టపాకాయలు, లైట్ల మధ్య నిలబడిన జంతువు అది. కొన్నిటి నోట్లో ముళ్ల కళ్లెం ఉంటుంది. 1965 నాటి కేంద్ర నిబంధనలే అలాంటి ముళ్ల కళ్లేలను నిషేధించాయి. కనిపిస్తే యజమానితో మర్యాదగా మాట్లాడి మామూలు కళ్లెం కొనివ్వండి, పెళ్లి ఖర్చులో అది లెక్కలోకి రాదు. అవే నిబంధనలు 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా జంతువుల చేత బరువు లాగించవద్దన్నాయి. నిజామాబాద్ వేసవిలో ఎనిమిదికే సాధన ఆపాలని నేనంటాను.

గుర్రం అడ్డం ముందు ఆగిపోతే కొరడా కింద పెట్టండి. అది మొండికేసిందని అనుకునే ముందు జీను కింద వీపు తడిమి చూడండి, నొక్కితే ముడుచుకుంటుందా? పళ్లు పదునెక్కి చెంప కోస్తున్నాయా? గిట్ట వేడిగా ఉందా? ఎండలోంచి నీడలోకి దూకమంటున్నామా? అన్నీ బాగుంటే కర్ర సగానికి దించి, నెమ్మదిగా మళ్లీ తీసుకురండి. అది దాటగానే మూపు గోకి, దిగిపోండి. ఇంకొక్కసారి అని బిడ్డ బతిమాలుతుంది, "బాగా చేసింది కదా, ఇంకొంచెం ఎత్తు పెడదాం" అని నాన్న అంటాడు. ఇద్దరి మాటా వినకండి. పొట్ట పట్టీ రెండు రంధ్రాలు వదులు చేసి, ఊపిరి మామూలయ్యేదాకా పగ్గం పట్టుకుని బిడ్డ చేతే నడిపించి, నీళ్లు పెట్టించి, జీను తీసి చెమట తుడిపించి ఇంటికి పంపండి.